ముందు చక్రాలు నేల మీదుంటేనే

మినీ ట్రాక్టర్ కేటలాగు ఏది తిరగేసినా మొదట హెచ్‌పీ కనిపిస్తుంది, ఆ వెంటనే లిఫ్ట్ సామర్థ్యం. కుబోటా నియోస్టార్ బి2441 సంగతే చూడండి. 24 హెచ్‌పీ ఇంజను, నాలుగు చక్రాల డ్రైవు, లిఫ్ట్ 750 కిలోలు. అదే కాగితం మీద ఇంకాస్త కిందికి వెళితే ట్రాక్టర్ సొంత బరువు ఉంటుంది: 630 కిలోలు. అంటే తనకన్నా 120 కిలోలు ఎక్కువ బరువున్న వస్తువును ఆ ట్రాక్టర్ వెనక తగిలించుకుని పైకి ఎత్తుతుందన్నమాట. అది అబద్ధమేమీ కాదు. ఆ తరగతిలో దాదాపు అన్ని కంపెనీల కేటలాగుల్లోనూ ఇలాంటి అంకెలే ఉంటాయి, అవన్నీ నిజాలే. కాకపోతే ఆ అంకె జవాబిచ్చే ప్రశ్న వేరు, నాలుగైదు ఎకరాల రైతు షోరూముకు పట్టుకెళ్లే ప్రశ్న వేరు. హైడ్రాలిక్ ఎంత ఎత్తగలదన్నది కేటలాగు చెబుతుంది. ఎత్తిన బరువుతో గట్టు దాటి, మలుపు తిరిగి, క్షేమంగా చేను చేరేది ఎంత అన్నది రైతుకు కావాలి. ఈ రెండింటి మధ్య తేడా చాలాసార్లు సగానికి పైనే ఉంటుంది. బరువులెత్తడానికి చిన్న ట్రాక్టర్ కొనేవారు మొదట చూడాల్సింది హెచ్‌పీనీ కాదు, లిఫ్ట్ అంకెనీ కాదు. ట్రాక్టర్ సొంత బరువు ఎంత, అందులో ముందు ఇరుసు మీద పడేది ఎంత అన్నది.

హెచ్‌పీకీ ఎత్తే శక్తికీ సంబంధం ఎంత పలచనో కేటలాగులే చెబుతాయి. 15 హెచ్‌పీ స్వరాజ్ 717కు లిఫ్ట్ 780 కిలోలు. అదే 15 హెచ్‌పీ మహీంద్రా యువరాజ్ 215కు 778. వీటికన్నా 9 హెచ్‌పీ ఎక్కువున్న మహీంద్రా జీవో 245కు మాత్రం 750. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ఫ్యాక్టరీలో తయారయ్యే మహీంద్రా ఓజా శ్రేణి 2023 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చింది. అందులో 21 హెచ్‌పీ బండికీ 40 హెచ్‌పీ బండికీ లిఫ్ట్ ఒక్కటే, 950 కిలోలు. ఇందులో వింతేమీ లేదు. ఎత్తేది ఇంజను కాదు, నూనె ఒత్తిడి. పంపు ఇచ్చే ఒత్తిడి, సిలిండర్ వ్యాసం, లిఫ్ట్ చేతుల పొడవు కలిసి ఆ అంకెను తేలుస్తాయి. ఇంజను పెద్దదైతే రోటావేటర్ బాగా తిరుగుతుంది, ట్రాలీ ఎగువకు తేలిగ్గా లాగుతుంది. ఎత్తడంలో దాని వాటా తక్కువ. ఎక్కువ హెచ్‌పీ ఉంటే ఎక్కువ ఎత్తుతుందనే సేల్స్‌మన్ మాట ఇక్కడే వీగిపోతుంది.

ఇక లిఫ్ట్ అంకె ఎక్కడ పుడుతుందో చూద్దాం. పరీక్ష కేంద్రంలో ట్రాక్టర్‌ను నేలకు కదలకుండా బిగిస్తారు. ముందు భాగం లేవడానికి గానీ, టైర్లు అణగడానికి గానీ వీలుండదు. అప్పుడు పనిముట్టు తగిలించే కింది లింకుల చివర ఎంత బలం వస్తోందో కొలుస్తారు. ఆ తర్వాత లింకుల చివరి నుంచి 610 మిల్లీమీటర్లు, అంటే రెండడుగులు వెనక్కి ఒక ఫ్రేము పెట్టి మళ్లీ కొలుస్తారు. రెండో అంకె మొదటిదానికన్నా తగ్గుతుంది. పొలంలో జరిగేదానికి దగ్గరగా ఉండేది ఆ రెండోదే, ఎందుకంటే ఏ పనిముట్టు బరువూ లింకు పిన్ను మీదే కూర్చోదు; దాని మధ్యభాగం అడుగో రెండడుగులో వెనక ఉంటుంది. కేటలాగులో పెద్దగా వేసేది సాధారణంగా మొదటి అంకె. పైగా రెండు కొలతల్లోనూ ట్రాక్టర్ కట్టేసే ఉంది. పొలంలో దాన్ని ఎవరూ నేలకు కట్టెయ్యరు.

కట్టెయ్యని ట్రాక్టర్‌కు ఏమవుతుందో ఎడ్లబండి తోలినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. బస్తాలు ఇరుసుకు వెనక ఎక్కువైతే నొగలు పైకి లేచి కాడి ఎడ్ల మెడలను వదిలేస్తుంది. ట్రాక్టర్‌లో వెనక ఇరుసే ఆ బండి ఇరుసు, ముందు చక్రాలే ఆ కాడి. లెక్క తేలికగా ఉండటానికి కేటలాగులో లిఫ్ట్ 750 కిలోలున్న 1,000 కిలోల ట్రాక్టర్‌ను ఊహించుకుందాం. అందులో 400 కిలోలు ముందు ఇరుసు మీద, 600 వెనక ఇరుసు మీద ఉన్నాయి. రెండు ఇరుసుల మధ్య దూరం మీటరున్నర. వెనక ఎత్తిన బరువు మధ్యభాగం వెనక ఇరుసుకు 1.2 మీటర్ల దూరంలో ఉంది. ముందు చక్రాల మీద 400 కిలోలను మీటరున్నరతో హెచ్చవేస్తే 600. దాన్ని 1.2తో భాగిస్తే 500. అంటే 500 కిలోలు ఎత్తేసరికి ముందు చక్రాల మీద ఒక్క కిలో కూడా మిగలదు, స్టీరింగు గాల్లో తిరుగుతుంది. హైడ్రాలిక్ ఇంకో 250 కిలోలు ఎత్తగలనని మొరాయించకుండా నిలబడి ఉంటుంది గానీ, ట్రాక్టర్ ముక్కు అప్పటికే ఆకాశం చూస్తుంటుంది. కనీసం స్టీరింగు పనిచేయాలంటే ట్రాక్టర్ బరువులో అయిదో వంతు ముందు ఇరుసు మీద మిగలాలని వాడుకలో ఉన్న నియమం. మన ఉదాహరణలో అది 200 కిలోలు. ఆ నియమం పాటిస్తే ఎత్తదగిన బరువు 250 కిలోలకు పడిపోతుంది. 750 అని చదివి కొన్న యంత్రం దగ్గర క్షేమంగా చేతికొచ్చేది మూడో వంతు. 630 కిలోల ట్రాక్టరైతే ఇంకా తక్కువ.

దీనికి మందు ముందు బంపరుకు తగిలించే ఇనుప వెయిట్లు. ముందు ఇరుసుకు రెండడుగులు ముందుగా 100 కిలోలు వేలాడదీస్తే అదే ట్రాక్టర్ వెనక 425 కిలోల దాకా ఎత్తుకోగలదు. వంద కిలోల ఇనుముకు 175 కిలోల లాభం, బేరం మంచిదే. కానీ వెయిట్లకూ ఒక హద్దుంది; ముందు ఇరుసు, ముందు టైర్లు ఎంత మోయగలవో అంతవరకే. ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. వెనక టైర్లలో నీళ్లు పోయిస్తే ముందు లేవదని చాలా ఊళ్లలో నమ్ముతారు. ఆ నీళ్ల బరువు సరిగ్గా వెనక ఇరుసు మీదే పడుతుంది. తూగే చోటే బరువు పెడితే తూకం మారదు. దమ్ములో పట్టు కోసమో, ముందు లోడరు బిగించినప్పుడో ఆ నీళ్లు పనికొస్తాయి. వెనక ఎత్తే బరువుకు మాత్రం కాదు. నాలుగు చక్రాల డ్రైవు అయితే కాస్త నయం, ఎందుకంటే ముందు ఇరుసులో గేర్లు, షాఫ్టులు ఉండటం వల్ల అక్కడి బరువు సహజంగానే ఎక్కువ.

మన చేలల్లో ఎత్తాల్సిన బరువులేమిటో ఇప్పుడు లెక్కలోకి తెచ్చుకుందాం. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50. గోదావరి, కృష్ణా జిల్లాల్లో ధాన్యం బస్తా 75 కిలోలు, తెలంగాణ కొనుగోలు కేంద్రాల్లో సంచి 40. మనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. డెల్టా హమాలీ భుజానికి ఆ సంగతి ఇంకా చేరలేదు. కాబట్టి యంత్రంతో ఎత్తించాలన్న కోరిక సోమరితనం కాదు. అయితే ఈ బస్తాలన్నీ విడివిడిగా చిన్న బరువులు. నాలుగు ధాన్యం బస్తాలు వెనక ప్లాట్‌ఫాం మీద వేస్తే 300 కిలోలు, ప్లాట్‌ఫాం బరువు అదనం. నాలుగడుగుల రోటావేటర్ సుమారు 250 కిలోలుంటుంది గానీ, అది ట్రాక్టర్‌కు దగ్గరగా అతుక్కుని ఉంటుంది కాబట్టి పెద్దగా ఇబ్బంది పెట్టదు. అసలు చిక్కు మందు కొట్టే ట్యాంకుతో. 400 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే 400 కిలోలు. ట్యాంకు, పంపు, ఫ్రేము కలిస్తే 500కు చేరుతుంది. పై లెక్కలో ముందు చక్రాలు సున్నాకొచ్చిన అంకె అదే. అదీ కదలని బరువు కాదు. సగం ఖాళీ అయిన ట్యాంకులో నీళ్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయి, గట్టెక్కేటప్పుడు అన్నీ వెనక్కే చేరతాయి. మామిడి తోటల్లో, బత్తాయి తోటల్లో చిన్న ట్రాక్టర్ ముక్కు లేచే సందర్భాల్లో ఇదొకటి. చిత్రమేమిటంటే అదే ట్యాంకును రెండు చక్రాల మీద కూర్చోబెట్టి వెనక లాగిస్తే చిక్కంతా పోతుంది. బరువు దాని చక్రాలు మోస్తాయి, ట్రాక్టర్ లాగుతుంది.

అసలు చిన్న ట్రాక్టర్ పుట్టుకే లాగడం కోసం. మూడు లింకుల పద్ధతిని తయారుచేసిన హ్యారీ ఫెర్గూసన్ 1920ల్లో పట్టుకున్న సమస్య బరువులెత్తడం కాదు. తేలికైన ట్రాక్టర్ బరువైన ట్రాక్టర్‌లా నాగలి లాగాలి, నాగలి రాయికి తగిలినా ట్రాక్టర్ వెనక్కి తిరగబడకూడదు. నాగలి మీద పడే ఒత్తిడిని వెనక చక్రాల మీదికి మళ్లించి ఆయన దాన్ని సాధించాడు. 1946లో వచ్చిన ఆయన టీఈ20 టన్నుకు కాస్త పైన బరువుతో, 20 చిల్లర హెచ్‌పీ ఇంజనుతో పదేళ్లలో 5 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. నాగలి నేలలో ఉన్నంతసేపూ ఆ పద్ధతి ట్రాక్టర్‌ను నేలకు హత్తుకునేలా చేస్తుంది. పనిముట్టు పైకి లేచిన క్షణంలో ఆ మేలంతా తలకిందులవుతుంది. ఇవాళ్టికీ ప్రతి చిన్న ట్రాక్టర్ వెనకా ఉన్నవి ఆ మూడు లింకులే.

ముందు లోడరు సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఇప్పుడు కోరికలన్నీ అటువైపే పోతున్నాయి. పెంట ఎత్తాలి, చెరువు మట్టి తోలాలి, బస్తాలు లారీలోకి పెట్టాలి; చిన్న ట్రాక్టర్‌కు ముందు ఒక బకెట్ బిగిస్తే అన్నీ అయిపోతాయనిపిస్తుంది. మన వెయ్యి కిలోల ట్రాక్టర్‌కే లోడరు తగిలించి, ముందు ఇరుసుకు 1.2 మీటర్ల ముందు బకెట్లో 300 కిలోలు ఎత్తామనుకోండి. ముందు ఇరుసు మీద పడేది 300 కాదు, 540. ఉన్న 400తో కలిస్తే 940 కిలోలు. వెనక ఇరుసు 240 కిలోలు కోల్పోయి 360కి దిగుతుంది. లోడరు చేతుల బరువు ఇంకా కలపలేదు. రెట్టింపు దాటిన బరువు కింద ముందు ఇరుసు బేరింగులూ ఆయిల్ సీళ్లూ ఎన్నాళ్లుంటాయో చెప్పడం కష్టం కాదు. అంతకన్నా ముఖ్యం, చాలా చిన్న ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. వెనక తేలికైతే బ్రేకు తొక్కినా జారుతుంది. నాలుగు చక్రాల డ్రైవు వేసి ఉంటేనే ముందు చక్రాలు కూడా ఆపుతాయి. ఇక పక్కకు ఒరగడం. ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద ఊగుతుంది. కాబట్టి ట్రాక్టర్ నిలబడే పాదం నాలుగు మూలల చతురస్రం కాదు. రెండు వెనక చక్రాలు, ముందు పిన్ను కలిపిన త్రిభుజం. బకెట్ నిండి పైకి లేచేకొద్దీ బరువంతా ఆ త్రిభుజం కొనవైపు, అంటే సన్నగా ఉన్న చోటికి జరుగుతుంది. గుంతలో ఒక చక్రం దిగితే చాలు. లోడరు కావాల్సిందే అయితే మూడు షరతులు: ఆ మోడల్‌కు లోడరు బిగించవచ్చని కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి, వెనక రోటావేటరో ఇనుప దిమ్మో తగిలించి ఉండాలి, నిండిన బకెట్‌ను మోకాలి ఎత్తు దాటనివ్వకుండా నడపాలి. ఊళ్లో వెల్డింగు షాపులో చేయించిన లోడరుకు వీటిలో మొదటిదే ఉండదు.

అయితే ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఇన్ని తిప్పలెందుకు, కొత్త మినీ ట్రాక్టర్ డబ్బుకు వాడిన 45 హెచ్‌పీ ట్రాక్టర్ వస్తుంది కదా అని. ఆ తరగతిలో లిఫ్ట్ 1,600 కిలోల చుట్టూ ఉంటుంది, సొంత బరువు దాదాపు రెండు టన్నులు. ఎత్తడమే ప్రధానమైన చోట ఈ వాదన సరైనదే, దాన్ని తప్పుకుని తిరగడం అనవసరం. వరి చేలకూ, ఆయిల్ పామ్ తోటలకూ ఇది మరింత వర్తిస్తుంది. ఆయిల్ పామ్ మొక్కలు 9 మీటర్ల త్రిభుజాకారంలో, ఎకరాకు 57 చొప్పున ఉంటాయి. అంత ఎడంలో పెద్ద ట్రాక్టర్‌కు చోటు చాలదనే సమస్య లేదు, గెలలను ట్రాలీలో 24 గంటల్లోగా ఫ్యాక్టరీకి చేర్చడమే అక్కడి పని. మినీ ట్రాక్టర్‌కు న్యాయం జరిగేది వేరే చోట: ద్రాక్ష పందిళ్ల కింద, దగ్గర దగ్గరగా నాటిన మామిడి, జామ తోటల్లో, పత్తి సాళ్ల మధ్య, కూరగాయల మడుల్లో. అక్కడ నాలుగడుగుల లోపు వెడల్పే దాని సిరి. రెండు టన్నుల బండి అక్కడ కొమ్మలు విరుస్తుంది, తడి నేలను గట్టిపరుస్తుంది, సాలు చివర తిరగడానికి పంట తొక్కుతుంది. కాబట్టి ప్రశ్న ఏ ట్రాక్టర్ బలమైనదన్నది కాదు. సాళ్ల ఎడం మిమ్మల్ని చిన్న ట్రాక్టర్‌కు కట్టిపడేస్తోందా లేదా అన్నది. కట్టిపడేయకపోతే బరువుల కోసం మినీ ట్రాక్టర్ కొనడం దండగ.

రెండో ఆక్షేపణ ఎదురింటి రైతుది. అతను రోజూ అంతకన్నా ఎక్కువే ఎత్తుతున్నాడు, ఏమీ కాలేదు కదా అంటారు. కాలేదు, ఎందుకంటే చదునైన చేలో మెల్లగా నడిపితే ముందు చక్రాల మీద 50 కిలోలున్నా ట్రాక్టర్ కదులుతుంది. పై లెక్కలన్నీ నిలబడి ఉన్న ట్రాక్టర్‌కు వేసినవే. గట్టు మీది నుంచి దిగినప్పుడు, గతుకులో పడినప్పుడు, క్లచ్ ఒక్కసారిగా వదిలినప్పుడు వెనక వేలాడే బరువు కాసేపు తన అసలు బరువుకన్నా చాలా ఎక్కువగా లాగుతుంది. ఎగువ ఎక్కేటప్పుడు ముందు ఇరుసు మీద ఉన్నది కూడా వెనక్కి జారుతుంది. అయిదో వంతు మిగల్చమనేది ఆ క్షణాల కోసమే. పదిసార్లు ఏమీ కాకపోవడం పదకొండోసారికి హామీ కాదు, పైగా ఆ పదకొండోసారి సీట్లో ఉండేది సొంత కొడుకో జీతగాడో.

ఇక ఖర్చు వైపు నుంచి చూద్దాం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు, తెలంగాణలో ఒక హెక్టారు. దాదాపు రెండున్నర ఎకరాలన్నమాట. ఐదెకరాల రైతునే తీసుకున్నా, ఎకరాకు నాలుగు టన్నుల చొప్పున పశువుల ఎరువు వేస్తే ఏడాదికి 20 టన్నులు. 300 కిలోల బకెట్‌తో ఎత్తితే అరవై ఏడు సార్లు. ఒక్కోసారికి మూడు నిమిషాలు వేసుకున్నా మూడున్నర గంటల లోపు పని. ఆ మూడున్నర గంటల కోసం లోడరు కొని, ముందు ఇరుసును అరగదీసుకోవడం కన్నా గంట లెక్కన జేసీబీని పిలిపించి ట్రాలీలో నింపించుకోవడం చవక. రోజూ పేడ ఎత్తాల్సిన పాడి రైతుకు, నర్సరీ నడిపేవారికి లెక్క మారుతుంది, వాళ్లకు లోడరు సబబే. బస్తాలకైతే యంత్రం కూడా అక్కర్లేదు. ట్రాలీ ఎత్తుకు సమానంగా కొట్టం ముందు ఒక అరుగు కట్టుకుంటే ఎత్తడం అనే పనే సగం తగ్గిపోతుంది. ఒకసారి పెట్టే ఖర్చు, డీజిల్ అడగదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అలా మిగిలిన డబ్బును ఇంకో నాలుగు హెచ్‌పీల మీద పెట్టమని షోరూములో చెబుతారు. ముందు వెయిట్ల మీద, లాగే ట్యాంకు మీద, మంచి ట్రాలీ మీద పెడితే బరువుల పనికి ఎక్కువ ఫలం.

తోట సాళ్లు ఇరుకుగా ఉండి, ఎత్తాల్సింది 300 కిలోల లోపైతే మినీ ట్రాక్టర్ తీసుకోవచ్చు. ఆ తరగతిలో బరువైనదాన్ని, నాలుగు చక్రాల డ్రైవు ఉన్నదాన్ని, ముందు వెయిట్లతో సహా తీసుకోండి. 300కూ 450కూ మధ్యయితే ఆ బరువును ఎత్తకుండా లాగే మార్గం చూడండి. అంతకు మించితే పెద్ద ట్రాక్టరో, అద్దె యంత్రమో. కేటలాగుతో సరిపెట్టుకోకుండా ప్రభుత్వ పరీక్ష నివేదిక అడగండి. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో ట్రాక్టర్లను పరీక్షిస్తారు, మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. ట్రాక్టర్ నివేదికలో ఏ ఇరుసు మీద ఎంత బరువు, రెండడుగుల వెనక లిఫ్ట్ ఎంత అన్నవి విడివిడిగా ఉంటాయి. అది దొరక్కపోయినా దారుంది. డెమో రోజున మీ పనిముట్టునే తగిలించి, మీ ట్యాంకునే నింపి, పైకెత్తించి దగ్గర్లోని వేబ్రిడ్జికి తీసుకెళ్లండి. ముందు చక్రాలు రెండే కాటా మీదికి ఎక్కించండి. ట్రాక్టర్ ఉత్త బరువులో అయిదో వంతు అక్కడ కనిపించకపోతే బయానా ఇవ్వకండి.